గుడ్డే... కానీ గేరవుతుంది!

కమాన్‌పూర్ పరిసరాల్లో బొగ్గు గురించి తెలియనివారుండరు. ఇక్కడి గనుల్లో తవ్వే బొగ్గు ఎక్కువగా వెళ్లేది కరెంటు తయారీకే. ఆ కరెంటు మన చేతికి తగలకుండా అడ్డుపడే గోధుమరంగు పలకకూ బొగ్గుతో చుట్టరికముంది. ఎలక్ట్రీషియన్లు 'హైలం షీటు' అనేది దాన్నే.

అదెలాగంటారా? బొగ్గును గాలి తగలకుండా కాలిస్తే తారు వస్తుంది. ఆ తారులో ఫినాల్ ఉన్నట్లు 1834లో జర్మన్ శాస్త్రవేత్త రుంగే కనిపెట్టాడు. ఇప్పుడైతే దాన్ని ఎక్కువగా పెట్రోలియం నుంచే తీస్తున్నారు. ఫినాల్‌కు ఫార్మాల్డిహైడ్ కలిపి 1907లో లియో బేక్‌లాండ్ బేకలైట్ తయారుచేశాడు. ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. కాకపోతే పెళుసు.

ఆ లోపం తీర్చింది మామూలు నూలుగుడ్డే. ఫినాల్ జిగురులో ముంచి ఆరబెట్టిన గుడ్డను పొరలుపొరలుగా పేర్చి, వేడిచేస్తూ గట్టిగా నొక్కితే అన్నీ ఒకే పలకవుతాయి. గుడ్డ బదులు కాగితం పెట్టి చేసేవీ ఉన్నాయి. స్విచ్‌బోర్డుకు అవి చాలు. దెబ్బలకు, రాపిడికి తట్టుకోవాలంటే మాత్రం గుడ్డ రకమే కావాలి. హైదరాబాద్ సనత్‌నగర్‌లో బేక్‌లైట్ హైలం ఫ్యాక్టరీ ఉండేది. జనం నోట ఆ కంపెనీ పేరే సరుకు పేరైపోయింది.

ఇనుము బరువులో అయిదో వంతు కూడా ఉండని ఈ పలకను రంపంతో కోయొచ్చు, డ్రిల్లు వేయొచ్చు, లేతుపై పళ్లచక్రాలకు దిమ్మెలు తీయొచ్చు. ఇనుప గేరుకు జోడీగా గుడ్డ గేరు బిగిస్తే రొద తగ్గుతుంది. రోలింగ్ మిల్లుల్లో నూనెకు బదులు నీళ్లతోనే తిరిగే బేరింగులూ దీనితో చేస్తారు. మోటారు గాడుల్లోంచి తీగచుట్టలు జారిపోకుండా బిగించే చీలికలుగానూ, ట్రాన్స్‌ఫార్మర్లలో అడ్డుపలకలుగానూ పనికొస్తుంది.

అయితే దీనికీ ఓ బలహీనత ఉంది. కోసిన అంచుల్లోంచి గుడ్డ చెమ్మ పీలుస్తుంది. పలకపై బొగ్గుధూళి పేరుకుని, దానికి తడి తోడైతే సన్నగా కరెంటు పాకుతుంది. ఆ వేడికి పైపొర మాడి మసవుతుంది. ఆ మసి మరింత కరెంటుకు దారిస్తుంది. కాపలావాడే దొంగకు తలుపు తీసినట్టన్నమాట!

అందుకే అంచులకు వార్నిష్ పూస్తారు. బొగ్గు ఊళ్లలో బావి దగ్గరి స్టార్టరు పెట్టెను దుమ్ము చేరకుండా మూసి ఉంచడం ఇంకా ముఖ్యం. లోపలి పలకపై చెట్టుకొమ్మల్లా చీలిన నల్లటి గీతలు కనిపిస్తే, తుడిచి సరిపెట్టుకోవద్దు. మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్‌తో పలక మార్పించండి. కొత్త పలకకయ్యే ఖర్చు, ప్రాణం ముందు ఏపాటిది?