గినీపంది ప్రేగును, మెదడులోని నల్లమందును

నల్లమందునకు రెండు గుణములు గలవని మన పెద్దలెల్లరు నెఱుగుదురు. అది నొప్పిని మఱపించును, విరేచనములను గట్టును. మొదటి గుణమును గూర్చి పండితులు గంభీరముగా ముచ్చటింతురు. రెండవదానిని గూర్చి మాటాడుట సభ్యత గాదని యూరకుందురు. నొప్పి, మెదడు, నాడులు అనునవి ఘనమైన విషయములనియు, ప్రేగు నీచమైన విషయమనియు లోకులకొక తలంపు గలదు. ఇట్టి తలంపే మన పాఠశాల విద్యార్థులయందు మఱియొక రూపమున గానవచ్చుచున్నది. "గొప్ప యంత్రములు లేనిచోట శాస్త్రమేమి నేర్వగలము? పట్టణపు కళాశాలకు బోయిన పిమ్మట చూచుకొందము" అని వారనుచుందురు. ఉపాధ్యాయులలోను ఈ మాటకు తల యూచువారు లేకపోలేదు. నేను దీనిని సమ్మతింపజాలను. నా యభిప్రాయమునకు సాక్షిగా హాన్సు కోస్టర్లిట్జు అను శాస్త్రజ్ఞుని జీవితమును పాఠకుల ముందుంచెదను.

ఆయన 1903వ సంవత్సరమున బెర్లిను నగరమున జన్మించెను. వైద్యవిద్య నభ్యసించి అచ్చటి వైద్యశాలలో ఉద్యోగము చేయుచుండెను. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చినంతనే యూదుల సంతతివారికి జర్మనీలో జీవనోపాధి మార్గములు మూసికొనిపోయెను. 1934లో కోస్టర్లిట్జు స్వదేశమును విడిచి, స్కాట్లండు ఉత్తరభాగమున సముద్రతీరమునగల అబర్డీను నగరము జేరెను. ఇన్సులిన్ కనుగొన్నందులకు 1923లో నోబెలు బహుమానమందిన మెక్లియడు పండితుడు అప్పుడచ్చట ఆచార్యుడు. ఆ యాశ్రయమును దీర్ఘకాలము నిలువలేదు. 1935లో మెక్లియడు మరణించెను. కోస్టర్లిట్జు మాత్రము ఆ యూరిని విడువలేదు. మొదట పాలలోని చక్కెర కాలేయమున నెట్లు మార్పు చెందునో పరిశోధించెను. ఆ పని మంచిదే గాని మన ప్రస్తుత విషయము గాదు.

పిదప ఆయన దృష్టి ప్రేగులవైపు మరలెను. ప్రేగు తనంతతాను ముడుచుకొనుచు, విప్పారుచు, ఆహారమును ముందునకు ద్రోయును. ఆ చలనమును నడపు నాడులు ప్రేగు గోడలయందే అల్లుకొనియున్నవి. కోస్టర్లిట్జు గినీపంది చిన్నప్రేగులో కొన్ని అంగుళముల ముక్కను వేఱుచేసి, శరీరపు వేడిమిగల లవణజలమునందు వ్రేలాడదీసెను. స్వల్పమైన విద్యుత్తును సోకించినపుడెల్ల ఆ ముక్క ముడుచుకొనును. ఆ కదలికను ఒక లేఖిని కాగితముమీద గీతగా వ్రాయును. పరికరమింతియే. ఆ జలమున రవంత మార్ఫిన్, అనగా నల్లమందులోని ముఖ్యసారము, కలిపినచో ముడుత తగ్గును. నాలొక్సోన్ అను విరుగుడును చేర్చినచో మరల యథాప్రకారమగును. మార్ఫిన్ ప్రేగు చలనము నడ్డగించునని 1917లోనే ట్రెండెలెన్‌బర్గు అను జర్మను పండితుడు చూపియుండెను. కావున ఇది క్రొత్త పరికరమైనను గాదు.

అయినను ఆయన దానినే పట్టుకొని యిరువది సంవత్సరములకు పైగా గూర్చుండెను. నల్లమందు జాతికి జెందిన ఔషధములను ఒకదాని వెంట నొకటి ఆ జలమున వైచి, ప్రేగు ఎంత నెమ్మదించునో కొలుచుచుండెను. ఈ కొలతలవలన ఒక యాశ్చర్యకరమైన సంగతి బయల్పడెను. మనుష్యుని నొప్పిని ఎక్కువగా నణచు మందే గినీపంది ప్రేగును ఎక్కువగా నణచును. అచట బలహీనమైనది ఇచటను బలహీనమే. మెదడునందు మందు తాకుచోటును, ప్రేగునందు తాకుచోటును ఒకే తరగతికి జెందినవని దీనివలన స్పష్టమయ్యెను. మన పెద్దలెఱిగిన రెండు గుణములు నిజమునకు రెండు గావు.

జీవహింస మాట యేమని కొందఱడుగుదురు. అడుగవలసినదే. గినీపంది చంపబడుట నిజము. కాని యొక్క సంగతి యాలోచింపుడు. నొప్పిమందులను పరీక్షించుటకు ఆ కాలమున సామాన్యముగా బ్రదికియున్న ఎలుకలను వేడి పలకమీద నిలుపుచుండిరి. శరీరమునుండి వేఱైన ప్రేగుముక్కకు బాధ తెలియదు. నొప్పినిగూర్చిన శాస్త్రము నొప్పి పెట్టకయే నడచుటకు ఈ చిన్న పద్ధతి కొంతవఱకైనను దారి చూపినది.

ఇంతలో ఒక ప్రశ్న పండితులను బాధింప మొదలిడెను. గసగసాల మొక్కనుండి కారు రసమునకు సరిపోవు తాళము మన మెదడునందేల యుండవలెను? సృష్టికర్త మనుష్యుడు ఒకనాడు నల్లమందు దినునని ముందే యెంచి తాళమునమర్చెనా? అట్లు గాక, ఆ తాళమునకు శరీరమే తయారుచేయు తాళపుచెవి వేఱొకటి గలదా? 1969లో రెనాల్డ్సు అను నాతడు ఎలుక మెదడులోని ఒకానొక భాగమునకు విద్యుత్తు సోకించి, మత్తుమందు లేకుండగనే శస్త్రచికిత్స చేయగలిగెను. లోపలనేదియో నొప్పి నణచుచున్నదనుట కిది సూచన. 1973లో బాల్టిమోరునందు కాండేసు పెర్టు, సాలమన్ స్నైడరులును, న్యూయార్కునందు ఎరిక్ సైమనును, స్వీడను దేశమున లార్స్ టెరేనియసును వేర్వేఱుగా ఆ తాళములు మెదడునందున్నవని ప్రత్యక్షముగా జూపిరి.

అదే సంవత్సరము కోస్టర్లిట్జునకు డెబ్బది నిండి, ఉద్యోగవిరమణ ప్రాప్తించెను. మనవైపున అట్టివారికి పూలమాల వేసి, శాలువ గప్పి, వాలుకుర్చీ చూపుదుము. ఆయన వ్యసనకర ఔషధముల పరిశోధనకై చిన్న శాఖ నొకదానిని అబర్డీనులోనే నెలకొల్పి, జాన్ హ్యూసు అను ముప్పదియేండ్ల యువకునితో గూడి తాళపుచెవిని వెదుక నారంభించెను. హ్యూసు తెల్లవాఱక మునుపే బైసికిలుపై కబేళాకు బోయి పంది మెదడులు తెచ్చెడివాడట. కబేళావారిని ప్రసన్నులను జేసికొనుటకు విస్కీ సీసాలు గొనిపోయెడివాడనియు జెప్పుదురు. మద్యపాన నిషేధమును బోధించు మన పాఠశాల పత్రికయందు ఈ సంగతి వ్రాయుటకు సందేహించితిని గాని, జరిగినదని చెప్పబడుదానిని దాచుట భావ్యము గాదు.

ఆ మెదడులను నూరి, వడగట్టి, వేర్వేఱు భాగములుగ విడదీసి, ప్రతి భాగమును ప్రేగుముక్కమీదను, ఎలుకనుండి తీసిన మఱియొక సన్నని నాళముమీదను పరీక్షించిరి. ముడుత తగ్గినదా? తగ్గినచో నాలొక్సోన్ దానిని మరల్చినదా? ఈ రెండు ప్రశ్నలకు అవునను సమాధానము వచ్చిన భాగమునే నిలుపుకొని, మిగిలినవి పాఱవైచిరి. ఇట్లు నెలల తరబడి సాగినది. తుదకు 1975 డిసెంబరులో 'నేచర్' పత్రికయందు ఫలితము ప్రకటితమయ్యెను. ఒకటే యనుకొన్న పదార్థము నిజమునకు కవలలని తేలెను. ఒక్కొక్కదానియందు అయిదేసి అమైనో ఆమ్లములు. మొదటి నాలుగును రెండింటియందు సమానమే. అయిదవది యొకదానియందు మెథియొనిన్, రెండవదానియందు ల్యూసిన్. 'తలలోనున్నది' అను నర్థమిచ్చు గ్రీకుమాటనుబట్టి వీనికి ఎన్కెఫాలిన్‌లని పేరిడిరి. మన తలయే నల్లమందు నూరుకొనుచున్నదన్నమాట.

ఇచ్చట నా వాదమునకు ప్రతికూలమైన సంగతియు జెప్పవలెను. ఆ కవలలను విడదీసి గుర్తించినది ప్రేగుముక్క గాదు. లండనునందు హోవర్డు మోరిసు నడపిన ద్రవ్యరాశి వర్ణపటమాపకమను గొప్ప యంత్రము. అది లేనిచో ఆ చిక్కు అంత త్వరలో వీడియుండదు. అట్లయినను, ఆ యంత్రమునకు ఏ బొట్టు నందీయవలెనో చెప్పినదెవరు? పంది మెదడులో లెక్కలేనన్ని పదార్థములున్నవి. వానిలో నొప్పి నణచునది యేదో యే యంత్రమునకును దెలియదు. ఇరువదేండ్లుగా ఒకే ప్రేగుముక్క ముడుతలను జూచుచున్న కన్నులకు దెలిసినది. యంత్రము కావలసినప్పుడు లండనులో దొరకినది; ఆ చూపు మాత్రము అంగడిలో దొరకునది గాదు. మన ప్రయోగశాలలో త్రాసులును, ఉష్ణమాపకములును, ఒక్క సూక్ష్మదర్శినియు గలవు. వానిని ఏడాదికి ఎన్నిమార్లు చేతబట్టుచున్నామో విద్యార్థులే చెప్పవలెను.

బహుమానముల మాట క్లుప్తముగా ముగించెదను. 1978లో అమెరికాలోని లాస్కరు బహుమానము కోస్టర్లిట్జు, హ్యూసు, స్నైడరులకు లభించెను. 1973 నాటి తాళమును తన చేతులతో వెదకిన కాండేసు పెర్టు పేరు అందు లేదు. ఆమె బహిరంగముగా ఆక్షేపించెను. ఆమె యాక్షేపణ న్యాయమైనదనియే నా యభిప్రాయము. నోబెలు బహుమానము ఈ పరిశోధనకు ఎవరికిని రాలేదు. ఇంకొక వింత యేమనగా, 2016లో భౌతికశాస్త్రమున ఆ బహుమానమందిన మైకేల్ కోస్టర్లిట్జు ఈయన కుమారుడే. తండ్రి 1996లో తొంబదిమూడవ యేట పరమపదించెను గనుక దానిని జూడలేదు.

"ఇంతకును ప్రయోజనమేమి?" అను ప్రశ్న మిగిలియున్నది. ఎన్కెఫాలిన్‌లు తెలిసిన దినములలో, అలవాటు పడని నొప్పిమందు లభించినదని లోకము సంబరపడెను. అది నెరవేరలేదు. ఎన్కెఫాలిన్ శరీరమున స్వల్పకాలములోనే ఎంజైములచే ముక్కలైపోవును. నిలుచునట్లు మార్చినవానికిని నల్లమందు దోషము పూర్తిగా దప్పలేదు. 2025లో అమెరికాలో అనుమతి పొందిన సుజెట్రిజిన్ అను క్రొత్త నొప్పిమందు ఈ తాళములతో నిమిత్తములేని వేఱు మార్గముది. దీనినిబట్టి అబర్డీను పని వ్యర్థమనువారు గలరు. వారికి నేను ఒకటే చూపుదును. ఎన్కెఫాలిన్ తలలోనే గాక ప్రేగు నాడులయందును గలదని పిదప తెలిసెను. దానిని ముక్కలు చేయు ఎంజైమును అడ్డగించినచో, శరీరపు సొంత నల్లమందే విరేచనములను గట్టునని ఫ్రాన్సు దేశపు పరిశోధకులు కనుగొనిరి. అట్టి మందు రెసకాడోట్రిల్. అతిసారము బారినపడిన శిశువులకు, ఉప్పు చక్కెర కలిపిన నీటికి తోడుగా, మన దేశమునందును వైద్యులు దానిని వ్రాసి యిచ్చుచున్నారు; మన యూరి మందుల దుకాణమున చిన్న పొట్లములలో అది దొరకును.