గుట్ట కింద కేఫ్ రేసర్

పాత మోటారు సైకిల్ హ్యాండిల్ కిందికి దించి, సీటు ఒంటి మనిషికి కుదించి, వెనుక చిన్న మూపురం పెడితే అది కేఫ్ రేసర్. 1950లు, 60లలో లండన్ కుర్రకారు ఏస్ కేఫ్ ముందు చేరి ఇలా సొంతంగా దిద్దుకున్న బండ్లపై పందేలు వేసుకునేవారు. (మన ఇరానీ హోటల్లో చాయ్ తాగేవాళ్ళకు అంత తొందర లేదు!) ఇప్పుడు మా యాదగిరిగుట్ట పిల్లలకూ ఆ మోజు పట్టింది.

"చదువు ఇడిసిపెట్టి పానా పట్టిండు" అని పెద్దలు విసుక్కుంటారు. నాకైతే అదీ చదువే. కార్బురేటర్ విప్పి, కడిగి, బిగించినవాడికి గాలి, పెట్రోలు పాళ్ళు ఎవరూ బోర్డు మీద రాయనక్కర లేదు. పక్కనే ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం ఏ ఇంజనీరింగు కాలేజీ గడప తొక్కాడు? ఆసు పోసి పోసి తల్లి పడే చేతి నొప్పి చూడలేక యంత్రం కట్టాడు. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు.

అయితే మిత్రులారా, ఆసు యంత్రం రోడ్డెక్కదు, బండి ఎక్కుతుంది. కంపెనీ నిర్దేశానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే ఖాయపరిచింది. సైలెన్సర్ పీకి బజారు దద్దరిల్లజేసేవాళ్ళపై నాకు జాలి లేదు. కానీ బ్రేకులు సరిచూసి, వెల్డింగు నేర్చి ఒద్దికగా కట్టుకున్నవాణ్ణీ అదే గాటన కట్టడమెందుకు? సాయంత్రం కాగానే కాలేజీ వర్క్‌షాపుకు తాళం పడుతుంది. ఆ తాళం తీసి, ఒక లెక్చరర్‌ను తోడిచ్చి, కట్టిన బండిని కాలేజీ ఆవరణలోనే నడుపుకోనిస్తే పోయేదేముంది?