లోడర్ ఉండాల్సింది లారీ మీద కాదు, గట్టు మీద

పోయిన వేసవిలో మా మూడెకరాల జామాయిల్ కొట్టించాం. తొక్క తీసి కర్ర గట్టున పేర్చాం. మొదటి లారీకీ చివరి లారీకీ మధ్య తొమ్మిది రోజులు పట్టింది. అదే బండి, అంతే ఎత్తు లోడు, కాటా మీద రెండు టన్నులు తక్కువ తూగింది. దొంగతనం ఏమీ జరగలేదు. పచ్చి కర్ర బరువులో దాదాపు సగం నీళ్లే. మిల్లువాళ్లు కొనేదేమో టన్నుల లెక్కన. ఎండ తాగిన ప్రతి లీటరూ మన జేబులోంచి పోయినట్టే.

ఆ మంటలోనే, క్రేన్ బిగించిన పాత లారీ ఒకటి కొందామని బయల్దేరాను. 14 లక్షలు చెప్పారు. అడ్వాన్స్ ఇచ్చే దాకా వెళ్లి ఆగిపోయాను. రెండు నుంచి ఐదెకరాల కర్ర ఉన్న మనలాంటి వాళ్లకి ఆ బండి సరిపోదని నా గట్టి అభిప్రాయం.

మొదటి కారణం మిల్లు దగ్గర లైను. కోతల సీజన్‌లో సారపాక వెళ్లిన లారీ ఎప్పుడు ఖాళీ అవుతుందో మన చేతిలో ఉండదు. లారీ అక్కడ నిలబడితే, దాని మీదున్న క్రేన్ కూడా నిలబడిపోతుంది. ఇక్కడ కర్ర ఎండుతుంటే లోడర్ అక్కడ నిద్రపోతుంటుంది.

రెండోది బరువు. పది టైర్ల లారీకి మొత్తం బరువు పరిమితి 2018లో 25 నుంచి 28.5 టన్నులకి పెంచారు. పాత బండికి మాత్రం ఆర్సీలో రాసి ఉన్నదే లెక్క. క్రేన్ రెండు టన్నులనుకోండి, ప్రతి ట్రిప్పుకీ రెండు టన్నుల కర్ర తగ్గినట్టే. పోనీ ఎక్కువ వేద్దామా అంటే చలానా, పైగా ప్రమాదం.

మూడోది నేల. క్రేన్ అందాలంటే లారీ కర్ర దగ్గరికి, అంటే చెలకలోకి దిగాలి. ఆకూ తొక్కా అక్కడే వదిలి, జీవామృతం పోసి, ఏళ్ల తరబడి మెత్తబరిచిన మట్టిని ఒక్క రోజులో రోడ్డు చేస్తాం. వీడియోలో చూపించాను చూడండి, లారీ చక్రాల జాడలో పార దిగలేదు.

మరి ఏం చేయాలి? నలుగురైదుగురు రైతులు కలిసి, పంజా లోడర్ బిగించిన పాత ట్రాక్టర్ కొనండి. లారీ కిరాయికి తీసుకోండి. అది రోడ్డు మీదే ఉంటుంది, ట్రాక్టర్ కర్ర చేరవేసి ఎక్కిస్తుంది. ఒక లారీ మిల్లులో ఉంటే ఇంకోటి నింపొచ్చు. వ్యవసాయానికి రిజిస్టరైన ట్రాక్టర్‌ని కిరాయికి తిప్పాలంటే మాత్రం ముందే ఆర్టీఏ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడిగి తెలుసుకోండి.

పాత లోడర్ చూడ్డానికి పెయింట్ చూడొద్దు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. ముందే స్టార్ట్ చేసి ఉంచారంటే అనుమానించండి. మొద్దు పట్టించి పైకెత్తి ఇంజన్ ఆపించండి. దాని కింద ఎవరూ లేకుండా, దూరంగా పది నిమిషాలు నిలబడి చూడండి. చెయ్యి కిందకి దిగుతుంటే సిలిండర్ సీళ్లో, వాల్వులో పోయినట్టు. రాడ్ మీద గీతలు, పిన్నుల దగ్గర ఆట, చేతి మీద కొత్త వెల్డింగ్ వెతకండి. హైడ్రాలిక్ ఆయిల్ పాలలా ఉంటే నీళ్లు చేరినట్టే. ఎంత ఎత్తుతుందని కాదు, ఎంత దూరంలో ఎంత ఎత్తుతుందని అడగండి. రెండు మీటర్ల దగ్గర మూడు టన్నులెత్తేది ఆరు మీటర్ల దూరంలో ఒక టన్నే ఎత్తగలదు.

కాగితాల్లో ఆర్సీ, ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు బండితో సరిచూడండి. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరినట్టు ఫారం 35, బదిలీకి ఫారం 29, 30 తీసుకోండి. ఇవి చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు.

ఒక్క మాట మాత్రం మరిచిపోకండి. మన పొలాల మీద కరెంటు తీగలు పోతుంటాయి. తీగ కింద కర్ర పేర్చొద్దు, లోడర్ చెయ్యి ఎత్తొద్దు. 11 కేవీ లైను రెండో అవకాశం ఇవ్వదు.

‘మిషన్ వస్తే ముఠా వాళ్ల సంగతేంటి?’ అని మా నాన్న అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. భుజాల మీద మొద్దులు మోసి నడుములు పోగొట్టుకున్న వాళ్లని చూశాను. ఆ బరువు మోయమని వాళ్ల పిల్లల్ని అడగలేను. మా లోడర్ నడపడం నేర్చుకుంటున్నది ముఠాలోని కుర్రాడే. కొట్టడం, తొక్క తీయడం ఇప్పటికీ వాళ్ల చేతుల్లోనే ఉంది.

మేం ఐదుగురం కలిసి ట్రాక్టర్ తీసుకున్నాం. ఈ సీజన్‌లో మా లెక్క ఒక్కటే: కొట్టిన కర్ర మూడు రోజుల్లో కాటా ఎక్కాలి. ఎక్కిందో లేదో, లాభమైనా నష్టమైనా, కాటా చీటీలతో సహా చూపిస్తాను.