కుళ్లాయప్ప అంటే ఏం పేరు?

మొదట పేరు అడుగుతారు. చెప్తాం. కుళ్లాయప్ప అంటాం. అనంతపురం జిల్లాలో అయితే అక్కడితో సరి. నార్పల, శింగనమల వైపు ఏ ఊళ్లో కేకేసినా ఇద్దరు ముగ్గురు కుళ్లాయప్పలు తల తిప్పి చూస్తారు. జిల్లా దాటామా, కథ మారుతుంది. 'అదేం పేరయ్యా? మీరేమిటోళ్లు?' అంటారు. సాయిబులమని చెప్తాం. అప్పుడు నవ్వుతారు. 'సాయిబులకు అప్ప ఏంది?' అని.

పట్నం హాస్టళ్లలో మా పిల్లలకు ఈ పేరు ఇంకో రకంగా తగిలింది. కుళ్లు అన్నారు. కుళ్లిపోయిన అప్ప అన్నారు. తెలుగు మాతృభాష అయిన వాళ్లే అన్నారు. పండక్కి ఇంటికొచ్చిన పిల్లోడు పుస్తకాల మీద పేరు కొట్టేసి ఒట్టి 'కె' అని రాసుకుంటే, చదువు రాని జేజి ఏం చెప్తుంది? 'స్వామి పేరురా, అట్ల కొట్టెయ్యగూడదు' అంది. అంతకంటే ఆమెకు తెలీదు. ఆమె చెప్పలేని సంగతి ఇప్పుడు మేం చెప్తున్నాం.

కుళ్లాయి అంటే టోపీ. పారశీకంలో కులాహ్. దక్కనుకొచ్చి అది నోళ్లలో నలిగింది. తమిళంలో కుల్లా అయింది, తెలుగులో కుల్లాయి, కుళ్లాయి అయింది. అప్ప అంటే తండ్రి, పెద్దాయన. మా సీమలో ఈ అప్ప ఏ ఒక్క కులం సొత్తూ కాదు. తిమ్మప్ప, హనుమంతప్ప ఉన్న వీధిలోనే హుసేనప్ప, ఇమామప్ప, పక్కీరప్ప ఉంటారు. కుళ్లాయప్ప అంటే టోపీ పెట్టుకున్న పెద్దాయన. పీర్ అన్న పారశీక మాటకు కూడా అర్థం పెద్దాయనే. అంటే మా ముత్తాతలు ఆ మాటను సొంత భాషలోకి తెచ్చుకుని బిడ్డకు పెట్టుకున్నారన్నమాట. ఏ పండితుడూ చెప్పకుండానే!

ఆ పెద్దాయన ఊరు గూగూడు. నార్పల మండలంలో ఉంది. అక్కడ కుళ్లాయిస్వామి పీరు, పక్కనే ఆంజనేయుడి గుడి. మొహర్రం నెల వస్తే లక్షల్లో జనం ఆ ఊరి దారి పడతారు. సంకన బిడ్డల్ని పెట్టుకుని, చక్కెర, బెల్లం పట్టుకుని చదివింపులకు పోతారు. ఊదు పొగ, గుండంలో నిప్పులు, చిన్న సరిగెత్తు, పెద్ద సరిగెత్తు, చివరికి జలధి. ఎక్కడి కర్బలా, ఎక్కడి గూగూడు! 680లో ఇరాక్ ఇసుకలో నీళ్లకు అలమటించి, పోరులో చనిపోయిన హుసేనును, ఆయన మనుషులను, వానలు పడని అనంతపురం తన ఇంటి చావుగా ఏడ్చింది. దాహం అంటే ఏంటో ఈ జిల్లాకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

బిడ్డలు నిలవని ఇళ్లలో స్వామికి మొక్కుకుంటారు. నిలిస్తే నీ పేరే పెట్టుకుంటామంటారు. మగబిడ్డయితే కుళ్లాయప్ప, ఆడబిడ్డయితే కుళ్లాయమ్మ. దూదేకులోళ్లు పెట్టుకున్నారు. బోయోళ్లు, కురబోళ్లు, మాదిగోళ్లు పెట్టుకున్నారు. కుళ్లాయిరెడ్లూ ఉన్నారు. ఈ సంగతి బయటి వాళ్లకు తెలీక కాదు. మా అఫ్సర్ గూగూడు పీర్ల మీద ఇంగ్లిషులో పెద్ద పుస్తకమే రాశారు, 2013లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేశారు. సమస్య తెలియకపోవడం కాదు. తెలిసీ, ఈ పేరు ఎవరి లెక్కలో వెయ్యాలన్నదే వాళ్ల తగువు.

మొదటి వాళ్లు అంటారు: మీ టోపీ పరాయిది, మీరు పరాయివాళ్లు. అయ్యా, తిరుమలకు పోతారు కదా. గుళ్లోకి పోయేటప్పుడు మహాద్వారం దాటగానే కృష్ణదేవరాయలు ఇద్దరు రాణులతో చేతులు జోడించి నిలబడి ఉంటాడు. ఆ రాగి విగ్రహం తల మీద నిలువుగా ఉన్నదేంటో ఎప్పుడైనా చూశారా? కుళ్లాయి! విజయనగరం కొలువులో కుళ్లాయి, కబాయి లేకుండా పెద్దమనిషి లేడు. ఆ కబాయి కూడా అరబ్బీ 'కబా' నుంచి వచ్చిందే. లేపాక్షి మండపం కప్పు మీద బొమ్మలు ఇవాళ్టికీ ఉన్నాయి, మెడలెత్తి చూసుకోండి. శ్రీనాథుడంతటివాడు ప్రౌఢదేవరాయల దర్శనం కోసం కన్నడ దేశం పోయి, నెత్తిన కుల్లాయి పెట్టుకోవాల్సి వచ్చిందని చాటువులో మొర పెట్టుకున్నాడంటారు. అది పదిహేనో శతాబ్దం. అంతకు ముందు శతాబ్దంలోనే బుక్కరాయలు 'హిందూరాయ సురత్రాణ' అని బిరుదు పెట్టుకున్నాడు. హిందూ రాజుల్లో సుల్తాను అని దాని అర్థం. సుల్తాను అనిపించుకోవడం ఆ రాజులకు గొప్ప. వాళ్ల వారసులమని చెప్పుకునేవాళ్లకు ఇప్పుడు ఆ మాట బూతు.

రాయల తల మీద ఉంటే రాచఠీవి. మా తల మీద ఉంటే పాకిస్తాన్! ఒకే టోపీకి రెండు తూకాలేంది?

ఇది కోపంలో అంటున్న మాట కాదు, లెక్క అడుగుతున్నాం. 1992 డిసెంబరు 6 తర్వాత బస్సుల్లో, టీకొట్ల దగ్గర మా టోపీలు జేబుల్లోకి పోయాయి. కానీ పేరును జేబులో దాచలేం. కుళ్లాయప్ప అనేవాడు బోడితలతో తిరిగినా పేరులో టోపీ ఉంటుంది. చిత్రమేంటంటే, అర్థం తెలియని వాళ్లకు అదే మంచి హిందూ పేరులా వినిపిస్తుంది. పట్నంలో అద్దిల్లు అడిగితే ఈ పేరు మీద ఇల్లు దొరుకుతుంది. అడ్వాన్సు తీసుకుంటారు. ఆదివారం మా ఆడవాళ్లు, అమ్మానాన్నలు సామాన్లతో దిగుతారు. హుసేనమ్మా అని ఒక పిలుపు వినబడితే చాలు, ఓనరమ్మకు ఆ సాయంత్రమే గుర్తొస్తుంది, ఇంట్లోకి వాళ్ల తమ్ముడు వస్తున్నాడని. ఆ తమ్ముడు ఎప్పటికీ రాడనుకోండి. ఆ ఇంటికి బోర్డు నెలల తరబడి వేలాడడం మేం చూశాం.

ఇక మా వాళ్ల సంగతి. దాచిపెట్టి లాభం లేదు. శుక్రవారం నమాజు తర్వాత కూర్చోబెట్టి బుద్ధులు చెప్పే పెద్దలు కూడా ఈ పేరు మార్చమంటున్నారు. షిర్క్ అంటున్నారు. బిద్‌అత్ అంటున్నారు. అబ్దుల్‌తో మొదలయ్యే పేరొకటి చీటీ మీద రాసి ఇస్తున్నారు. అబ్దుల్ పేర్లతో మాకు తగాదా లేదు, అవీ మా ఇళ్లలోవే. కానీ అడుగుతున్నాం: ఉమర్, ఉస్మాన్, హమ్జా... ఇవి ఇస్లాం రాకముందే అమ్మానాన్నలు పెట్టిన పేర్లు కావా? చెడ్డ అర్థం ఉన్న పేర్లు, విగ్రహాలకు దాసులమని చెప్పే పేర్లు ప్రవక్త మార్పించారు. వీటిని మార్పించలేదు. సరే, ఇంకొకటి. ప్రవక్త పంపిన ఉత్తరాన్ని చింపేశాడని మనం చెప్పుకునే ఇరాన్ చక్రవర్తి పేరేంటి? ఖుస్రో పర్వేజ్. ఇవాళ మన గల్లీల్లో ఎంతమంది పర్వేజ్‌లు లేరు! వాళ్లను మార్చుకోమని చీటీ రాసిచ్చిన పెద్దమనిషిని మేం చూడలేదు. ఉత్తరం చింపినవాడి పేరు పనికొచ్చింది గానీ, హుసేను కోసం ఏడ్చే పీరు పేరు పనికిరాలేదా?

అసలు సంగతి వేరే ఉంది. పర్వేజ్ ఉర్దూలో పలుకుతుంది. కుళ్లాయప్ప తెలుగులో పలుకుతుంది. పర్వేజ్ దగ్గర అత్తరు వాసన వస్తుంది, కుళ్లాయప్ప దగ్గర దూది దుమ్ము. తరతరాలు విల్లు పట్టి ఊరి పరుపులన్నీ ఏకినోళ్లం, ఉర్దూ రాదని సాటి ముసల్మానుల దస్తర్‌ఖాన్ దగ్గరే ఓరగా కూర్చున్నోళ్లం. షేకులూ సయ్యదులూ మాకు పిల్లనివ్వలేదు. అది పేరులో ఉన్న షిర్క్ వల్ల కాదు, కులం వల్ల. ఇస్లాంలో కులం లేదని మాకే పాఠం చెప్పి, పెళ్లి మాట వచ్చేసరికి ఖాందాన్ అడిగేవాళ్లు మా పేర్ల సంగతి తర్వాత మాట్లాడొచ్చు.

ఆఫీసుల్లో ఇంకో వేషం. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా... ప్రభుత్వం జాబితాలో మేం బి.సి.-బి. సర్టిఫికెట్టు కోసం పోతే, 'పేరు చూస్తే హిందువులా ఉంది, దూదేకుల అని రుజువేంటి?' అంటారు. అదే గుమాస్తా పక్కవాడితో, 'వీళ్లంతా నిన్నమొన్న మతం మారినోళ్లే' అంటాడు. ఏదో ఒకటి అనండయ్యా! హిందువులా ఉన్నామన్నది నేరమా, ముసల్మానులమన్నది నేరమా, ముందు తేల్చుకోండి.

కాగితాల గోల ఇంతటితో ఆగదు. రేషన్ కార్డులో కుల్లాయప్ప, పదో తరగతిలో కుళ్ళాయప్ప, ఆధార్‌లో కుల్లయప్ప. ఇంగ్లిషులో రాస్తే ఒక్కో గుమాస్తా ఒక్కో అక్షరం మింగేస్తాడు. మామూలు రోజుల్లో నవ్వుకుని వదిలేసేవాళ్లం. 2019 ఆగస్టులో అస్సాం ఎన్‌ఆర్‌సి తుది జాబితా వచ్చింది. 19 లక్షల మందికి పైగా అందులో లేరు. కాగితానికీ కాగితానికీ పేరులో అక్షరం కలవక చిక్కుల్లో పడ్డవాళ్ల కథలు అప్పుడే విన్నాం. ఆ డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. ఆ చలికాలం మా ఊళ్లలో ట్రంకుపెట్టెలన్నీ కింద పరుచుకుని కూర్చున్నాం. తాత పేరులో ఉన్న 'ళ' మనవడి కాగితంలో 'ల' అయితే ఆ తాతకు ఈ మనవడు మనవడేనా అని! నవ్వులాట కాదిది. నెల జీతం పోగొట్టుకుని మీసేవ కేంద్రాల చుట్టూ తిరిగినోళ్లం చెప్తున్నాం.

చివరగా మా సెక్యులర్ మిత్రులతో ఒక మాట. మీరు మాకు శత్రువులు కారు, అందుకే గట్టిగా అంటున్నాం. ఏటా మొహర్రం రాగానే కెమెరాలతో గూగూడుకు వస్తారు. 'మతసామరస్యానికి ప్రతీక' అని శీర్షిక పెడతారు. పదకొండో రోజు వెళ్లిపోతారు. ఆ పీరు పేరు పెట్టుకున్న మనిషికి మీ వీధిలో ఇల్లెందుకు దొరకలేదో మీ శీర్షిక అడగదు. మా పేరు మీ సామరస్యానికి బొమ్మగా పనికొచ్చింది, మా బతుకు వార్తగా పనికిరాలేదు. ఆ మధ్యన పత్రికలు 'కుళ్లాయిస్వామి బ్రహ్మోత్సవాలు' అని రాయడం మొదలుపెట్టాయి. మొహర్రం అన్న మాట రెండో పేరాలోకి జారింది. దాని మీద మీరొక్క ముక్క రాయలేదు. జనం గోవిందా అన్నా మాకు అభ్యంతరం లేదు, ఎప్పటినుంచో అంటున్నారు. జనం రెండు పేర్లతో పిలుచుకోవడం వేరు, ఒక పేరును మెల్లగా చెరిపేసి ఇంకోటి అచ్చెయ్యడం వేరు. ఈ తేడా మీకు తెలియదనుకోం.

ఇప్పుడు పుడుతున్న బిడ్డలకు ఈ పేరు తగ్గిపోతోంది. రెండక్షరాల పేర్లు కావాలంటున్నారు. అయాన్, రేహాన్. బోయోళ్ల ఇళ్లలోనూ అంతే, అక్కడ హర్ష, తేజ. మొక్కుకున్నవాళ్లు కూడా కుళ్లాయప్ప అని చెవిలో చెప్పి, కాగితంలో వేరే పేరు రాయిస్తున్నారు. వాళ్లను మేం తప్పుపట్టం. హాస్టల్లో కుళ్లు అనిపించుకున్నవాడు కొడుక్కు అదే పేరు పెట్టాలంటే చెయ్యి వణుకుతుంది. మాకూ వణికింది.

మొన్న మా ఇంట్లో మగబిడ్డ పుట్టాడు. రెండు రోజులు కొట్లాడుకున్నాం. ఒకరు అయాన్ అన్నారు, ఒకరు అబ్దుల్ రహీం అన్నారు. ముసలామె మంచంలోంచి లేవకుండానే గూగూడు వైపు చెయ్యి చూపించింది. పుట్టిన సర్టిఫికెట్టు కౌంటర్లో ఉన్న పిల్ల ఫారం చూసి, 'కుళ్లాయప్ప... ఇంటిపేరా, పేరా సార్?' అంది. పేరేనమ్మా అన్నాం. ఇంగ్లిషులో ఎట్లా కొట్టాలంది. ఈసారి పక్కన నిలబడి ఒక్కో అక్షరం మేమే చెప్పాం.