రెండో బావి

పసుపు కొమ్మును విరిచి, లోపలి రంగు చూసి, ధర ఎంత పలుకుతుందో చెప్పగలవాళ్లం మేం. నిజామాబాద్ మార్కెట్ యార్డులో కుప్పల మధ్య నడుస్తుంటే ఏది సరిగ్గా ఉడికిందో, ఏది తడి ఆరకముందే సంచికెక్కిందో కన్ను పడగానే తెలిసిపోతుంది. అంకాపూర్ రైతుకు తాతల నుంచి వచ్చిన చూపు అది. ఆ చూపు మీద నాకు చాలా గర్వం ఉండేది.

ఒకరోజు మా గల్లీకి మహిళా సంఘంలో పనిచేసే ఒకామె నీళ్ల పరీక్ష పెట్టె పట్టుకొని వచ్చింది. పెట్టెలో చిన్న గాజు గొట్టాలు, మందు సీసాలు ఉన్నాయి. నల్లా నీళ్లు గొట్టంలో పట్టి రెండు మూడు చుక్కల ఆర్థోటోలిడిన్ వేస్తే, నీళ్లలో క్లోరిన్ మిగిలి ఉంటే పసుపు రంగు తేలుతుంది. క్లోరిన్ ఎంత ఉంటే రంగు అంత చిక్కన. రంగు రాలేదంటే ఆ నీటికి కాపలా లేనట్టే లెక్క.

"అన్నా, ఓ గిలాసెడు నల్లా నీళ్లు ఇయ్యుండ్రి" అని అడిగింది. నేను కుర్చీలోంచి లేవలేదు. "మేం నల్లా నీళ్లు తాగం చెల్లె, క్యాన్ నీళ్లే. వేరే ఇంట్ల చూడు" అన్నాను.

ఆమె మారు మాట్లాడకుండా వెళ్లిపోయింది. అప్పుడే మా పెరట్లో, పసుపు తవ్వడానికి వచ్చిన కూలీలు అదే నల్లా కింద బిందెలు నింపుకుంటున్నారు. వాళ్లు ఆ నీళ్లే తాగుతారు. వాళ్ల పిల్లలూ అవే తాగుతారు. ఆ సంగతి నాకు ఆ పూట తట్టనేలేదు. మార్కెట్‌లో పసుపును అంత దూరం నుంచి గుర్తుపట్టే కన్ను, ఇంటి ముందుకొచ్చిన పసుపు చుక్కను చూడడానికి ఒప్పుకోలేదు. నా తప్పు అక్కడి నుంచే చెప్పాలి. అది నా ఒక్కడి తప్పు కాదు కాబట్టే రాస్తున్నాను.

మా చిన్నతనంలో ఊళ్లో అందరికీ ఒకే బావి ఉండేది కాదు. మన తెలుగు పల్లెల్లో అప్పుడు చాలా ఊళ్ల సంగతి ఇంతే. పైకులాల బావి ఒకటి, వాడ బావి ఇంకొకటి. ఒక బావిలో పూడిక తీస్తుంటే ఇంకో బావి దగ్గర బిందెడు నీళ్ల కోసం ఎవరైనా దయతలిచి పోస్తారా అని ఎదురుచూసేవాళ్లు. నల్లా వచ్చాక మొదటిసారి ఊరంతటికీ ఒకే ట్యాంకు, ఒకే పైపు, ఒకే నీరు వచ్చింది. గోదావరి మీద పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌కు 1963లో నెహ్రూ పునాదిరాయి వేశారు. ఆ ప్రాజెక్టు మా జిల్లాలో ఎన్నో పొలాలను తడిపింది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ మొదలైంది. నదుల్లో, జలాశయాల్లో నీళ్లను శుద్ధి చేసి ఇంటింటి నల్లాకు చేర్చడమే ఆ పథకం ఉద్దేశం. ఏ కులం బిందె అని అడగని నీరు అది.

దానికి మేం ఏం చేశాం? చేతిలో నాలుగు రాళ్లు ఆడగానే ఇంట్లో ఫిల్టర్ పెట్టించుకున్నాం. లేకపోతే ఇరవై లీటర్ల క్యాను తెప్పించుకున్నాం. మాట చెల్లేవాళ్లం, పంచాయతీలో గొంతు పెగిలేవాళ్లం ఒకరి తర్వాత ఒకరం నల్లా నుంచి తప్పుకున్నాం. తాగేది మేం కానప్పుడు ట్యాంకు ఎప్పుడు కడిగారన్న ప్రశ్న మా నోటికి రాలేదు. తాగేవాళ్లకేమో అడిగే ధైర్యం లేదు. అంటే ఊళ్లో మళ్లీ రెండు బావులు వచ్చాయి. ఈసారి గడ్డపార పట్టి తవ్వాల్సిన పని పడలేదు, పైసలతోనే తవ్వుకున్నాం.

పైగా క్యాన్ నీళ్లయితే భద్రం అనుకున్నాం. ఊళ్లలో వీధి ప్లాంటు క్యాను మీద చాలాసార్లు ఐఎస్ఐ గుర్తు ఉండదు, నీళ్లు పట్టిన తేదీ ఉండదు. ఆర్వో యంత్రం లవణాలతో పాటు క్లోరిన్‌నూ తీసేస్తుంది. కాబట్టి మూత తీసిన క్యానులో చెయ్యి పడినా, మురికి గ్లాసు మునిగినా సూక్ష్మజీవిని ఆపేది ఇంకేమీ ఉండదు. కాపలా ఉండాల్సిన నీటిని వదిలేసి, కాపలా లేని నీటిని కొని తాగాం.

రెండో తప్పు ఇంకా దగ్గరిది. నల్లాలో ధార సన్నగా వస్తోందని ఇంటి ముందు గుంత తీసి నల్లాను కిందికి దించాం. అదీ చాలక మోటారు బిగించి గుంజుకున్నాం. మా ఇంటి ముందు రెండూ ఉండేవి. పైపులో నీళ్లు ఇరవై నాలుగు గంటలూ ఒత్తిడితో నిండి ఉంటే పగులు దగ్గర నీళ్లు బయటికి చిమ్ముతాయే తప్ప మురికి లోపలికి రాదు. సరఫరా ఆగిన గంటల్లో పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు చుట్టూ ఉన్న తడినంతా లోపలికి పీల్చుకుంటుంది. మోటారు గుంజే చోట ఆ పీల్పు మరీ ఎక్కువ. నల్లా గుంతలో నిలిచిన బురదనీరు, పక్కన పారే మోరీ నీరు, ఆ తర్వాత పూట ఇంకో ఇంటి బిందెలోకి చేరే దారి అదే. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో తాగునీటిలో మురుగు కలిసి పది మందికి పైగా చనిపోయారు. ఆ వార్త చదివి పట్నం సంగతి అనుకున్నాను. ఆ ఏడాదీ నా ఇంటి ముందు గుంత అలాగే ఉంది.

మూడో తప్పు క్లోరిన్‌ది. "నీళ్లల్ల బ్లీచింగ్ వాసనొస్తున్నది, తక్కువ వెయ్యి" అని నీళ్లు వదిలే మనిషిని కోప్పడిన నోళ్లలో నాదీ ఒకటి. భారత ప్రమాణాల ప్రకారం నల్లా దగ్గరికి చేరేసరికి లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. మేం వద్దన్న ఆ వాసనే మా పిల్లల ప్రాణాలకు కాపలా.

ఈ తప్పు ఎక్కడిదాకా తీసుకుపోతుందో కెనడాలోని వాకర్టన్ అనే చిన్న ఊరి కథ చదివాక తెలిసింది. ఐదు వేల మంది కూడా లేని, మాలాంటి వ్యవసాయపు ఊరు. 2000 మేలో పెద్ద వాన కురిసింది. దగ్గరి పొలంలో వేసిన పశువుల ఎరువు వాన నీటితో ఊరికి నీళ్లిచ్చే బావిలోకి దిగింది. క్లోరిన్ చాలినంత వేయలేదు. కొలవకుండానే రోజూ రిజిస్టరులో అంకెలు రాశారు. ఏడుగురు చనిపోయారు, రెండు వేల మూడు వందల మందికి పైగా జబ్బున పడ్డారు. విచారణ జరిపిన జస్టిస్ డెనిస్ ఓకానర్ ఆ పొలం రైతు తప్పేమీ లేదని తేల్చారు. ఎరువును అతను పద్ధతి ప్రకారమే వేశాడు. అదే నివేదికలో ఇంకో సంగతి ఉంది. క్లోరిన్ రుచి వస్తోందని ఊరి జనం అప్పుడప్పుడూ ఫిర్యాదు చేసేవారట, దాంతో మోతాదు తగ్గించేవారట. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ రైతుకున్న నిర్దోషిత్వం నాకు లేదు. ఫిర్యాదు చేసినవాళ్లలో మాత్రం నేను ఉన్నాను.

ఎందుకు నిర్దోషిని కాదంటే, పద్ధతి ప్రకారం వేశానని నేను చెప్పలేను. పసుపు తొమ్మిది నెలల పంట. దానిలోనే మక్క అంతర పంటగా వేస్తాం. దుంపకుళ్లుకు ఒక మందు, తాటాకు తెగులుకు ఇంకోటి, మక్కలో కలుపుకు అట్రాజిన్. ఆకు కొంచెం పాలిపోతే చాలు, చెప్పిన మోతాదుకు పైన ఇంకో బస్తా యూరియా. కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన స్థానం మాకు ఎంతో దూరంలో లేదు. అడిగితే లెక్క చెప్పేవాళ్లు ఉన్నారు. మేం పక్క చేనును చూసి వేశాం. పంట తీసుకోగా మిగిలిన నత్రజని నైట్రేటై వాన నీటితో భూమిలోకి దిగుతుంది. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదికలో దేశమంతటి నమూనాల్లో దాదాపు ఐదో వంతు ఆ గీత దాటాయి. తెలంగాణలో నాలుగో వంతుకు పైగా దాటాయి. భగీరథ నీళ్లు ఆగిన రోజు ఊళ్లకు దిక్కు బోరు నీళ్లే. ఆరు నెలలు నిండని బిడ్డకు నైట్రేట్ ఎక్కువున్న నీళ్లతో డబ్బా పాలు కలిపితే, రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి తగ్గి ఒళ్లు నీలబడుతుంది. తల్లి జాగ్రత్తపడి ఆ నీళ్లను మరగబెడితే నైట్రేట్ పోదు, నీరు ఇగిరిపోయి ఇంకా చిక్కబడుతుంది. తల్లి చేసిన జాగ్రత్తను కూడా మేం వేసిన బస్తా ఓడిస్తుంది.

చేతకాక ఊరుకున్నామా అంటే, కాదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానంలో 185 మంది పోటీ చేశారు. వాళ్లలో 178 మంది రైతులు. పసుపు బోర్డు కావాలని, పసుపుకు, ఎర్రజొన్నకు ధర కావాలని నామినేషన్లు వేశారు. దేశమంతా ఇటు తిరిగి చూసింది. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌కే వచ్చింది. విత్తనం కంపెనీతో బేరం చేయాలన్నా, గుడి కట్టాలన్నా మా ప్రాంతంలో ఊరంతా ఒక్కమాట మీద నిలబడుతుంది. ఆ ఒక్కమాట నీళ్ల కోసం అనలేదు. నేను కూర్చున్న ఏ సభలోనూ "పోయిన నెల పరీక్షలో ఏం తేలింది, గోడకు రాసి పెట్టండి" అని నేను లేచి అడగలేదు. పసుపుకు ధర తగ్గితే మా అందరి జేబు తడుముకుంటాం. నల్లా నీళ్లు చెడితే తడుముకునే కడుపు వేరేవాళ్లది. మా మౌనానికి మూలం అక్కడే ఉంది.

మా ఊరి దేశీ కోడి కూర కోసం హైదరాబాద్ నుంచి కార్లలో వస్తారు. వచ్చినవాళ్ల ముందు కూర పెట్టి, పక్కన సీసా నీళ్లు పెడతాం. ఇది మా ఊరి నీరు, తాగండి అని ఒక్క చుట్టానికి కూడా నేను చెప్పలేకపోయాను. ఊరి కూరకు అంత పేరు తెచ్చిన చేతులు ఊరి నీటిని ఎదుటివాళ్లకు అందించడానికి వెనకాడాయి.

ఇప్పుడు మా ఇంటి ముందు గుంత పూడ్చాను. మోటారు విప్పేశాను. యూరియా మట్టి పరీక్ష చెప్పిన లెక్కకే వేస్తున్నాను. ఇవి నా వంతు పనులు, గొప్పగా చెప్పుకునేవి కావు. గొప్ప పని నీళ్ల పరీక్ష పెట్టె పట్టుకొచ్చిన ఆమెది. ఎండలో ఇంటింటికీ తిరిగి గిలాసెడు నీళ్లు అడిగింది. ఆమె ఇంటికి వెళ్లి తప్పయిందని చెప్పాను. ఈసారి వచ్చినప్పుడు ముందు మా ఇంటికే రమ్మన్నాను.

ఆమె కొంచెం సేపు నా ముఖంలోకి చూసింది. "రంగొస్తే మీరు తాగుతరా అన్నా?" అని అడిగింది.

ఊరంతటి పైపుల లెక్క ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. తాగుతానన్నాను. రంగు రాకపోతే వచ్చేదాకా గ్రామసభలో నిలబడి అడుగుతానన్నాను. ఆ గొట్టాన్ని వెలుతురులో పైకెత్తి చూడడానికి మా గల్లీలో క్యాన్ నీళ్లు తాగే ప్రతి ఇల్లూ బయటికి రావాలి. కొమ్మును చూసే కళ్లతోనే చూడాలి.