రాజధాని లేఖ: ముందు కట్టిన రుసుము, వెనుక పెరిగే ఖర్చు

మధ్యతరగతి గృహిణి నెల మొదటి వారంలో సరుకుల చీటీ వ్రాసి కిరాణా కొట్టుకు పంపడం నిన్నమొన్నటి మాట. ఈనాడు రాజధానిలోని అనేక నివాసాలలో ఆ చీటీ కనుమరుగవుతున్నది. ఉదయం ఒక సబ్బు, సాయంకాలం ఒక దువ్వెన, ఏది గుర్తుకు వస్తే అది అప్పటికప్పుడు ఆర్డరు చేయడం అలవాటయింది. ఇందుకు సెల్‌ఫోను ఒక్కటే కారణం కాదు. ముందుగా రుసుము చెల్లించి పొందే ఉచిత రవాణా సభ్యత్వానికి కూడా ఇందులో ముఖ్య పాత్ర ఉన్నది.

ఈ పద్ధతిని అమెజాన్ సంస్థ 2005లో అమెరికాలో సాలుకు 79 డాలర్ల రుసుముతో ప్రైమ్ పేరిట ప్రవేశపెట్టింది. మన దేశానికి అది 2016 జూలైలో వచ్చింది. పరిచయపు ధరగా 499 రూపాయలున్న వార్షిక రుసుము 2017లో 999కి, 2021 డిసెంబరులో 1,499కి పెరిగింది. చలనచిత్రాలు, సంగీతం జోడించిన మాట వాస్తవమే. అయినా సభ్యత్వానికి మూలాధారం త్వరిత రవాణాయే.

ఇక్కడ “ఉచితం” అన్న మాటను కొంత విచారించవలసి ఉన్నది. రవాణా ఖర్చు మాయం కాలేదు; చెల్లించే వేళ మాత్రమే మారింది. సభ్యుడు కానివాడు వస్తువు ధరకు రవాణా ఖర్చును కూడా కలుపుకొని చూస్తాడు. నాలుగు వస్తువులు పోగయ్యేదాకా ఆగుతాడు. సభ్యుడికి ఆ నిగ్రహంతో పనిలేదు. పైపెచ్చు, కట్టిన సొమ్ము రాబట్టుకోవాలన్న తాపత్రయం మొదలవుతుంది. ఎంత కొంటే అంత లాభమనే భ్రమ కలుగుతుంది. మరొక అంగడిలో ధర విచారించే అలవాటు సన్నగిల్లుతుంది. వర్తకునికి రుసుము కన్న విలువైనది ఈ కట్టుబాటే.

ఇందులో మేలు లేదనడం అన్యాయం. నడవలేని వృద్ధులకు, అరుదైన పుస్తకం కావలసిన చిన్న ఊరి విద్యార్థికి ఇది గొప్ప సౌకర్యమే. చిక్కల్లా లోనికి వచ్చే దారి విశాలంగా, వెలుపలికి పోయే దారి ఇరుకుగా ఉండటంలోనే. సభ్యత్వ రద్దు ప్రక్రియకు సంస్థ లోలోపల “ఇలియడ్” అనే సుదీర్ఘ యుద్ధకావ్యం పేరు పెట్టుకున్నదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో వేసిన దావాలో ఆరోపించింది. 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. తప్పు చేసినట్లు సంస్థ అంగీకరించలేదు.

మన కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో 13 రకాల మోసపు పోకడలను నిషేధిస్తూ మార్గదర్శకాలు వెలువరించింది. తేలికగా చేర్చుకొని, వదిలించుకోవడం కష్టతరం చేసే “చందా ఉచ్చు” వాటిలో ఒకటి. ఇక ఢిల్లీ వ్యాపార మహాసంఘ్ ఫిర్యాదుపై కాంపిటీషన్ కమిషన్ 2020 జనవరిలో అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లపై విచారణకు ఆదేశించింది. ఆ వివాదం ప్రధానంగా భారీ తగ్గింపులు, కొందరు అమ్మకందార్లపై పక్షపాతం చుట్టూ నడిచింది. కాని, తగ్గింపు ధరతో చిన్న వర్తకుడు ఒకనాడైనా పోటీ పడగలడు. ఏడాది పొడుగునా ఖాతాదారును కట్టివేసే రుసుముతో పోటీ పడలేడు.

కిరాణా కొట్టు అప్పిచ్చి ఖాతాదారును నిలుపుకొనేది. ఈ కొత్త వర్తకం ముందే సొమ్ము తీసుకొని నిలుపుకొంటున్నది. చేరినంత సులభంగా విడిపోయే వీలు కల్పించడం ప్రభుత్వం పని. గడువు తీరే ముందు, ఏడాదిలో కొన్నవాటిలో నిజంగా అవసరమైనవెన్ని అని లెక్క చూసుకోవడం మాత్రం మన పని.