ముందు స్థలం చూడండి, తర్వాతే టిక్కెట్లు అచ్చు వేయించండి

బీద రోగుల మందుల నిధికైనా, ఆసుపత్రికి కావలసిన పరికరానికైనా మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో విరాళాల సభ పెట్టడం అందరికీ తెలిసిన పద్ధతే. పాటల కచేరీ, నాటిక, తినుబండారాల అమ్మకం, వేలంపాట – ఏదైనా మంచిదే. అయితే కార్యక్రమం గురించి పదిసార్లు కూర్చుని మాట్లాడుకునే నిర్వాహకులు, అది జరిగే చోటు విషయంలో మాత్రం "అద్దె ఎంత? కుర్చీలు ఎన్ని?" అన్న రెండు ప్రశ్నలతో సరిపెట్టుకుంటున్నారు. ఇది చాలదని మా అభిప్రాయం.

2025 నవంబరు 1న కార్తీక ఏకాదశి నాడు కాశీబుగ్గ వేంకటేశ్వరస్వామి ఆలయంలో జరిగిన తొక్కిసలాటలో 9 మంది చనిపోయారు. 2023 జనవరి 1న గుంటూరులో పండుగ కానుకలు పంచే సభలో ముగ్గురు స్త్రీలు మరణించారు. తొక్కిసలాటలో ఎక్కువమంది చనిపోయేది ఊపిరాడకనే. నలువైపుల నుండి ఛాతీ మీద ఒత్తిడి పడితే శ్వాస తీసుకోవడం కుదరదు. కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోతుంది. 108 వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. కనుక అక్కడ కాపాడేది వైద్యుడు కాదు, తెరిచి ఉన్న రెండో ద్వారం.

నిప్పు విషయమూ అంతే. 1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలిలో పాఠశాల వేడుక జరుగుతుండగా పందిరి అంటుకుని 400 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది పిల్లలు. తినుబండారాల అమ్మకం పెడితే గ్యాసు పొయ్యిలు జనానికీ, షామియానా గుడ్డకూ దూరంగా ఉండాలి.

"అద్దె లేదు కదా, ఆసుపత్రి ఆవరణలోనే పెడదాం" అని కొందరు అంటారు. దీనికి మేము ఒప్పుకోము. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆసుపత్రుల చుట్టూ కనీసం 100 మీటర్ల వరకు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. నిబంధన సంగతి అటుంచినా, రోగుల కోసం డబ్బు పోగుచేస్తూ ఆ రోగుల నిద్రే చెడగొట్టడం న్యాయమా? అంబులెన్సు వచ్చే దారిలో వాహనాలు నిలపడం మరీ ప్రమాదం.

పెద్ద కల్యాణ మండపానికి మరో చిక్కు ఉంది. అద్దె 20,000 రూపాయలు అనుకోండి. 50 రూపాయల టిక్కెట్లు 400 అమ్మినా ఆ డబ్బు అద్దెకే సరిపోతుంది, రోగికి ఒక్క రూపాయి మిగలదు. ప్రహరీ, రెండు గేట్లు, మరుగుదొడ్లు ఉన్న పాఠశాల మైదానాన్ని సెలవు రోజున అనుమతితో తీసుకోవడం మేలని మేము అనుకుంటున్నాము.

తేదీ కూడా స్థలంలో భాగమే. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న మన తీరాన్ని తాకాయి. ఆ నెలలో ఆరుబయట పందిరి వేయడం మంచిది కాదు. పైడితల్లి సిరిమానోత్సవం నాడు విజయనగరంలో, రథసప్తమి నాడు శ్రీకాకుళంలో రోడ్లు నిండిపోయి ఉంటాయి. ఆ రోజులూ వద్దు.

స్థలం ఖాయం చేసేముందు సభ జరగబోయే వేళకే అక్కడికి వెళ్ళండి. మీతో ఒక వృద్ధుణ్ణి, ఒక తల్లిని, చక్రాల కుర్చీ వాడే వారిని తీసుకువెళ్ళండి. ద్వారాలన్నీ తాళం లేకుండా తెరుచుకుంటున్నాయా? ద్వారం కనీసం 90 సెంటీమీటర్ల వెడల్పు ఉందా? ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవుతో ఉందా? స్త్రీలకు వేరే మరుగుదొడ్డి, వెలుతురు, మంచినీరు ఉన్నాయా? సభ ముగిశాక ఊళ్ళకు బస్సు దొరుకుతుందా? రాత్రి 10 తర్వాత మైకు వాడరాదు గనుక త్వరగా ముగించడం అన్నివిధాలా మంచిది.

వీటిలో ద్వారాలు, నిప్పు, అంబులెన్సు దారి – ఈ మూడింటిలో ఏ ఒక్కటి సరిగా లేకపోయినా ఆ స్థలం వదిలివేయండి, ఉచితంగా ఇచ్చినా సరే. సభ నెల రోజులు వెనక్కి వెళ్ళినా నష్టం లేదు. రోగులకు సహాయం చేయడానికి వచ్చినవారు రోగులై తిరిగి వెళ్ళకూడదు.